మూగ పీక

కెర్షా,
8 జనవరి 1983

నెటా అక్కయ్యకి,

కొత్త సంవత్సరం నీకూ బావకీ చలి లేకుండా గడవాలని కోరుకుంటూ, అది మీ థర్సోలో కుదిరే పని కాదని తెలిసీ రాస్తున్నాను. నువ్వు అల్లి పంపిన మేజోళ్లు అందాయి. రెండూ ఎడమ కాలివే అనిపించాయి. తొడుక్కున్నాక నా కాళ్లలోనే ఏదో తేడా ఉందని సరిపెట్టుకున్నాను.

మన ఊళ్లో పెద్ద విశేషం సిమ్ బీటీ భుజం ఎముక విరగడం. నిచ్చెన మీంచి పడ్డాడు. నిచ్చెన నేను లాగలేదు. ఈ మాట ముందే ఎందుకు రాస్తున్నానంటే ఊరు ఊరంతా నన్నే అడుగుతోంది. పళ్ల దుకాణం ముసలమ్మ అయితే అడగను కూడా అడగలేదు, నన్ను చూసి తల ఊపింది.

అసలు సంగతికి వస్తాను. వచ్చే నెల మొదటి శనివారం పారిస్‌లో ఫ్రాన్సుతో మనవాళ్ల రగ్బీ మ్యాచ్ ఉంది. రెండేళ్లకోసారి వెళ్లినట్టే మా బ్యాండు వెళ్తోంది. మాది పోటీల్లో కప్పులు గెలిచే బ్యాండు కాదని నీకు తెలుసు. ఒకడు మాంసం కొడతాడు, ఒకడు ఉత్తరాలు పంచుతాడు, నేను రొట్టెల వ్యాను తోలతాను. గళ్ల పావడాల్లాంటి కిల్టులు కట్టుకుని బ్యాగ్‌పైపులు చంకన పెట్టుకుంటే మాత్రం ఫ్రాన్సువాళ్ల కళ్లకి అందరం ఒకలాగే కనిపిస్తాం. మాకు పడకలూ తిండీ ఇచ్చే హోటలాయన కాస్తెరా, ఎనిమిది మంది పైపర్లు వస్తున్నారని గోడకి బొమ్మ కూడా అంటించేశాడు. సిమ్ లేకపోతే ఏడుగురం. రెండు వరసల్లో నడిచేటప్పుడు వెనక మూల ఖాళీగా ఉంటుంది, పన్ను ఊడిన నోటిలా.

ఆ మూలన బావ నిలబడాలని నా కోరిక.

నువ్వు ఇప్పుడు పెదవి బిగించావని నాకు తెలుసు. కాస్త విను. బావ వాయించక్కర్లేదు. మూగవాణ్ణి నడిపించడం మా బ్యాండుకి కొత్త కాదు. పాట గొట్టంలో ఊపిరికి పలికే పీకకి కాస్త మైనం కుక్కితే అది పలకదు. చంకలోని తోలు తిత్తి నొక్కుతూ వేళ్లు ఆడిస్తూ నడిస్తే చాలు. భుజం మీది శ్రుతి గొట్టాలు హోరుమంటాయి, పాట పక్కవాళ్లది. మాజీ మేయరు కొడుకు అలాగే మూడేళ్లు నడిచాడు. వాడి తల్లి ఇప్పటికీ వాడి సంగీతం గురించి చెప్పి కళ్లు తుడుచుకుంటుంది.

ఈ ఉత్తరం బావకి చూపించకు. ముందు నువ్వు ఆలోచించు.

నీ మేజోళ్లలో నిలబడి రాస్తున్న,
వాటీ


థర్సో,
15 జనవరి

ఒరేయ్ వాటీ,

బావకి చూపించవద్దని లోపల రాసి, కవరు మీద బావ పేరు రాశావు. అది మతిమరుపో వెధవ తెలివో నాకు తెలియదు. నీ విషయంలో రెండోదే అనుకోవడం నాకు అలవాటు.

ఆయన పొయ్యి దగ్గర నిలబడి చదివాడు. మడిచి నాకిచ్చి, వెళ్తాను అన్నాడు. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. నిన్న చూస్తే కిల్టు మడతలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

నీకు తెలియనివి కొన్ని ఉన్నాయి. అవి తెలిస్తే ఆ కవరు మీద నా పేరే రాసేవాడివేమో. మిల్లులో ఆ అల్లిక యంత్రం ఆయన కుడిచెయ్యి పట్టుకున్న తర్వాత, మేం ఇక్కడికి వచ్చిన తర్వాత, ఆయన పైపులు ఒక్కసారే బయటికి తీశాడు. పోయిన శీతాకాలం, ఈ వంటింట్లోనే. చిటికెన వేలు కింది రంధ్రాన్ని మూయలేదు. ఏం చప్పుడు వచ్చిందో నీకు చెప్పక్కర్లేదు. గోడ అవతల గన్ గారి భార్య పకపకా నవ్వింది. చెడ్డది కాదు, నవ్వు వచ్చింది, నవ్వింది. ఆయన పైపులు పెట్టెలో పెట్టి తాడు కట్టి మంచం కిందకి తోశాడు.

ఆ వారమే బడిలో సంగీతం చెప్పే మాన్సన్ మాస్టారికి మాట ఇచ్చాడు. ఈ ఈస్టర్ సెలవులు కాగానే ఆ పైపులు పిల్లల బ్యాండుకి ఇచ్చేస్తాడట. అవి వాళ్ల తాతవి. పైపులు పోతే పోనీ, కర్రా తోలూ. కానీ ఆ పెట్టె గడప దాటిందంటే నాతో ఈ ఇంట్లో ఉండేది ఇంకెవరో. ఇప్పటికే సగం అయ్యాడు. ఫెర్రీ దగ్గర టికెట్లు చింపుతాడు, ఇంటికి వస్తాడు, రేడియోలో సముద్రం మీద గాలి ఎటు వీస్తోందో వింటాడు, పడుకుంటాడు. ఎటు వీస్తే ఆయనకేం?

ఇప్పుడు నువ్వు ఆయన్ని తీసుకెళ్లి పరాయి ఊరి నడిబజార్లో నిలబెడతానంటున్నావు. అక్కడ గనక ఆ పైపు ఒక్కసారి కీచుమంటే, ఈస్టర్ దాకా ఆగడు. తిరిగి వచ్చిన రోజే పెట్టె బడికి వెళ్తుంది.

కాబట్టి నా షరతు ఇది. పీకకి మైనం నువ్వే పెట్టాలి. గట్టిగా పెట్టాలి. అమ్మ మీద ఒట్టు వేసి రాయి.

ఫోన్ చెయ్యకు. పాదిరిగారి గొంతుతో ఫోన్ చేసి నా చేత అరగంట ప్రార్థన చేయించినప్పటి నుంచీ నీ ఫోన్ ఎత్తకూడదని నిర్ణయించుకున్నాను.

మేజోళ్లు సరిగ్గానే అల్లాను.

నెటా


కెర్షా,
20 జనవరి

ఒట్టు అడిగిన అక్కయ్యకి,

అమ్మ మీద ఒట్టు. మైనం నేనే పెడతాను. ఇంతకుముందు వేసిన ఒట్లని ఇందులో కలపకు. వాటి దారి వాటిది.

బావ వస్తున్నాడంటే మా బ్యాండు నాయకుడు గిడియన్ టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. సంతోషం వస్తే ఆయన చేసే పని అదే. తర్వాత ప్రయాణం నియమాలు చదివాడు. పడవలో పాడకూడదు, కిల్టుతో మెట్లు ఎక్కేటప్పుడు వెనక ఎవరున్నారో చూసుకోవాలి, గెలిచినా ఓడినా ఫ్రాన్సువాళ్ల టోపీలు దొంగిలించకూడదు. చివరిది చదివేటప్పుడు నా వైపు చూశాడు. సిమ్ కూడా వస్తానంటున్నాడు, చెయ్యి మెడకి కట్టుకుని. పైపు పట్టుకోలేని చేత్తో గ్లాసు పట్టుకోవడం ఎలా కుదురుతుందని అడిగితే, అది వేరే చెయ్యి అన్నాడు.

ఒక్క పని చెయ్యి. పైపుల పెట్టె ముందుగా రైల్లో పంపించు. రెండు శీతాకాలాలు మంచం కింద పడి ఉన్న తిత్తి ఎండి పగుళ్లు వచ్చి ఉంటుంది. తోలు మెత్తబడే పాకం పోసి, పిసికి, వేలాడదీసి నాలుగు రోజులు ఆరనిస్తే గానీ గాలి పట్టదు. మూగవాడి తిత్తి కూడా నిండుగా కనిపించాలి, లేకపోతే చంకన చచ్చిన కోడిని పెట్టుకుని నడిచినట్టుంటుంది.

మైనం మనిషి,
వాటీ


థర్సో,
27 జనవరి

వాటీ,

పెట్టె నిన్నటి రైల్లో ఎక్కించాను. మనసొప్పి కాదు. తిత్తిలో పాకం పోస్తానని రాశావు. డబ్లిన్ వెళ్లినప్పుడు గిడియన్ శ్రుతి గొట్టంలో నువ్వు ఏం పోశావో, ఆయన ఊదగానే ముందు నిలబడ్డ వాళ్ల మీద పిండి ఎలా కురిసిందో ఇక్కడిదాకా తెలుసు.

ఇంకో సంగతి. నిన్న సాయంత్రం సిమ్ ఫోన్ చేశాడు. ఎముక విరిగినవాడిని మర్యాదకి పలకరించాను. మాటల్లో, పబ్బులో నువ్వు అన్నది చెప్పాడు. పారిస్‌లో మా బావ డాండ్‌కి మంచి తమాషా ఉంది చూడండి అన్నావట. అందరూ నవ్వారట. ఏం తమాషా అంటే బల్ల మీద వేళ్లు ఆడించావట.

నాకు అర్థమైంది. మైనం పెట్టానని చెప్పి పెట్టవు. ఆయన నమ్మి వేళ్లు ఆడిస్తాడు. ఆ పైపు పిల్లిలా అరుస్తుంది, మీరంతా పొట్ట పట్టుకుంటారు. పాకం పేరు చెప్పి పెట్టె ముందుగా రప్పించుకున్నది అందుకే.

ఆయనకి ఈ ఫోన్ సంగతి చెప్పలేదు. చెబితే ఆగిపోతాడు. ఆగిపోతే ఎందుకు ఆగాడో ఆ చెయ్యి చూసుకున్నప్పుడల్లా గుర్తొస్తుంది. వెళ్లినా భయమే, ఆగినా భయమే.

యాభై ఏళ్లుగా నీ వేషాలు భరించాను. నా మంచంలో ఎండ్రకాయ పెట్టావు, నా పెళ్లి కేకులో సబ్బు పెట్టించావు. ఇది అలాంటిది కాదు. ఈ మనిషి నవ్వులపాలై ఇంటికొస్తే నాకు తమ్ముడు లేడు.

నెటా


కెర్షా,
1 ఫిబ్రవరి

అక్కయ్యా,

మైనం పెట్టాను. సిమ్ నొప్పికి డాక్టరు ఇచ్చిన మాత్రలూ, తను ఇచ్చుకున్న మందూ కలిపి మింగుతున్నాడు, వాడి మాట పట్టుకోకు. తిత్తి పాకం బాగా పీల్చింది, చంటిపిల్లవాడి పొట్టలా ఉంది. ఎల్లుండి బస్సు. బావ రేపు చేరతాడు, నా దగ్గరే పడుకుంటాడు. మంచంలో ఏమీ పెట్టను.

వాటీ


థర్సో,
9 ఫిబ్రవరి

వాల్టర్,

ఇకమీదట నువ్వు నాకు వాటీవి కాదు.

నిన్న సిమ్ మళ్లీ ఫోన్ చేశాడు, పగలబడి నవ్వుతూ. హోటలు నిండా జనం ఉండగా డాండ్‌ని ఒక్కణ్ణే నిలబెట్టారట. అందరి ముందూ నువ్వు ఆయన పైపులోంచి మైనం గిల్లి తీశావట. ఫ్రాన్సువాళ్లు, మనవాళ్లు, వంటవాళ్లు అందరూ నవ్వారట. ఇంత బాగా నవ్వి ఎన్నాళ్లయిందో అన్నాడు. తర్వాత ఏమైందని అడిగేలోపు నాణేలు అయిపోయి ఫోన్ తెగింది.

ఆయన సోమవారం రావాలి. రాలేదు. ఎడింబరాలో వాళ్ల చెల్లెలి ఇంటి నుంచి, రెండు రోజులు ఆగి వస్తానని పక్కింటికి కబురు చేశాడు. గన్ గారి భార్య చెబితే విన్నాను. నాతో మాట్లాడాలని కూడా అనలేదు.

వాయించలేనివాడి పైపుకి మైనం ఉందని ఊరంతటికీ చూపించడానికి పారిస్ దాకా తీసుకెళ్లావు. నేను అనుకున్నదానికన్నా నీది పెద్ద తెలివే.

మాన్సన్ మాస్టారు బజార్లో కనిపించి ఈస్టర్ గురించి అడిగాడు. ఎప్పుడైనా రండి అన్నాను.

జవాబు రాయక్కర్లేదు.

నెటా డన్నెట్


కెర్షా,
9 ఫిబ్రవరి

అక్కయ్యకి,

ఈపాటికి బావ ఇంటికి వచ్చి ఉంటాడు, వచ్చినా ఏమీ చెప్పి ఉండడు. నేనే చెప్పాలి. కూర్చుని చదువు.

మైనం పెట్టలేదు.

పోయిన వేసవిలో మీ ఇంటికి వచ్చినప్పుడు పేకాట ఆడాం, గుర్తుందా? నువ్వు ఓడి పాత్రలు తోమావు. బావ రాణిని బల్ల కింద ఏ వేళ్ల మధ్య దాచాడో తెలుసా? కుడిచేతి చిటికెన వేలూ ఉంగరపు వేలూ. ముక్క మార్చేటప్పుడు ఆ చిటికెన వేలు ఎంత సుతారంగా వంగిందో కళ్లారా చూశాను. అప్పుడు ఏమీ అనలేదు, నా దగ్గర ఉన్న రాజు కూడా చేతికి వచ్చిన దారి మంచిది కాదు. వేలికి జబ్బు లేదు, లేదా ఊళ్లో అనుకున్నంత లేదు అని ఆ రోజే తెలిసింది. మనిషికి భయం. పేకాటలో ఎవరూ వినరు కాబట్టి భయం లేదు.

అందుకే కొత్త పీక పెట్టాను. మెత్తటిది, తేలిగ్గా పలికేది. మైనం పెట్టానని చెప్పి, వరసలో నిలబడేదాకా పైపులు చేతికి ఇవ్వలేదు. ఏడు పైపులు పక్కన మోగుతుంటే తన పైపు తనకి వినపడదు, మాలో సగం మంది అందుకే బ్యాండులో ఉన్నాం. నమ్మి వేళ్లు ఆడిస్తాడు. రెండు రోజులు ఆడించాక చెబుదాం అనుకున్నాను. అదే తమాషా.

శుక్రవారం సాయంత్రం కాస్తెరా గుమ్మం ముందు వాయించాం. నేను బావ పక్కనే. చిటికెన వేలు అప్పుడప్పుడు జారింది, ఆ జారడం హోరులో కలిసిపోయింది. శనివారం స్టేడియం దాకా నడిచాం, పిల్లలు వెంట పడ్డారు, ఒక కుక్క గిడియన్‌ని ప్రేమించింది. మ్యాచ్ ఓడాం. దాని గురించి రాయను. ఓడాక గెలిచినవాళ్ల కోసం వాయించాం, గెలిచి ఉంటే ఓడినవాళ్ల కోసం వాయించేవాళ్లం.

నేను మరిచిపోయింది ఒక్కటే. ఆ ఒక్కటే కొంప ముంచబోయింది.

ఆతిథ్యం ఇచ్చిన ఇంటి గడప దగ్గర, వెళ్లే రోజు పొద్దున, అందరిలోకీ పెద్దవాడు ఒక్కడే ఒక పాట వాయించాలి, మిగతావాళ్లు టోపీలు తీసి నిలబడాలి. ఇది బ్యాండు పుట్టినప్పటి నుంచీ ఉన్న పద్ధతి. ఎప్పుడూ గిడియనే వాయిస్తాడు. కానీ బావ గిడియన్ కన్నా ఒక శీతాకాలం పెద్ద. ఈ సంగతి నాకు తట్టనే లేదు. గిడియన్‌కి తట్టింది. ఆయనకి పద్ధతి తప్పడం కన్నా కిల్టు జారడం నయం. టోపీ తీసి, డాండ్, నీ వంతు అన్నాడు.

హోటలు నిండా జనం. కాస్తెరా ఆప్రాన్ విప్పి నిలబడ్డాడు. బావ లేచి పైపులు చంకన పెట్టుకున్నాడు. నాకు చెమట పట్టింది. మైనం లేదని ఇప్పుడు చెబితే, రెండు రోజులు తెలియకుండా వాయించానని తెలిసి అక్కడే కుప్పకూలతాడు. చెప్పకపోతే, మైనం ఉందనుకుని కదలడు. ఏ దారీ లేక బల్ల మీది రొట్టె ముక్క చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు బావ పిలిచాడు.

“వాటీ, ఇటు రా. నువ్వు కుక్కిన మైనం నువ్వే తియ్యి.”

పాట గొట్టం ఊడదీసి నా చేతికిచ్చాడు. నేను పళ్లపుల్ల ఒకటి తీసుకుని, వీపు అటు తిప్పి, లేని మైనాన్ని గిల్లడం మొదలుపెట్టాను.

“అంతా వచ్చిందా?”

“వచ్చింది బావా.”

“మళ్లీ చూడు. అంచున ఇంకా ఉండి ఉంటుంది.”

మళ్లీ గిల్లాను. జనం మూగారు. ఏం చేస్తున్నాడని ఒకడు అడిగితే ఇంకొకడు ఏదో చెప్పాడు, నవ్వులు మొదలయ్యాయి. నవ్వింది నన్ను చూసి, బావని చూసి కాదు, ఇది బాగా గుర్తుపెట్టుకో.

“ఏదీ, తీసిన మైనం చూపించు.”

బల్ల మీద ఎర్ర మైనం పూత ఉన్న జున్ను గడ్డ ఉంది. గోటితో ఇంత చెక్కి చూపించాను.

“ఎర్రగా ఉందేం?” అన్నాడు.

“అదో రకం మైనం బావా.”

“కెర్షాలో ఇంత మంచి మైనం దొరుకుతుందని నాకు తెలియదు” అని, వాసన చూసి, జేబులో వేసుకున్నాడు. నమ్మేశాడు. మీ ఆయన మంచివాడు అక్కయ్యా, కానీ చురుకు తక్కువ.

తర్వాత వాయించాడు. నిదానమైన పాట, అది ఏ పాటో నీకు తెలుసు, మీ పెళ్లికి వాయించిందే. కింది స్వరం వచ్చిన ప్రతిచోటా దాన్ని వదిలేసి పైకి వెళ్లాడు. పాట తెలిసినవాడికి అక్కడ ఒక మెట్టు లేదని తెలుస్తుంది. తెలియనివాడికి పాటే అలా ఉంటుందనిపిస్తుంది. గిడియన్ టోపీ నలిపేశాడు. కాస్తెరా తల్లి గుమ్మంలో ఉల్లిపాయలు తరుగుతూనే ఉంది, కాబట్టి ఆవిడ కళ్లనీళ్లని లెక్కలోకి తీసుకోవడం లేదు.

బస్సులో నాతో ఒక్క మాటే మాట్లాడాడు. కిటికీ మూయమన్నాడు.

ఒట్టు గురించి: అమ్మ బతికి ఉంటే ఆమే నవ్వేది.

తమ్ముడు,
వాటీ


థర్సో,
17 ఫిబ్రవరి

వాటీ,

నీ ఉత్తరమూ నా ఉత్తరమూ దారిలో ఎక్కడో పక్కపక్కనే వెళ్లి ఉంటాయి. నాది చింపెయ్యి. వాల్టర్ అన్న మాట మాత్రం ఉంచుకో, ఎప్పుడైనా పనికొస్తుంది.

బావ పోయిన గురువారం వచ్చాడు. ఎడింబరాలో ఆగింది ఏడవడానికి కాదు. అక్కడ పైపులు చేసేవాడి దుకాణంలో కూర్చుని, తన వేలికి ఏ పీక సరిపోతుందో ఒకటొకటీ ఊది చూసుకున్నాడట. జేబు నిండా పీకలు తెచ్చాడు. వాటి మధ్య ఎర్ర జున్ను మైనం కరిగి అంటుకుని ఉంది, కోటు ఉతకలేక చస్తున్నాను.

చురుకు తక్కువ అన్నావు. నీకు తెలియనిది ఒకటి చెబుతాను. శుక్రవారం మొదటి ఊపిరికే ఆయనకి తెలిసింది. మైనం ఉన్న పీక ఊపిరి అడగదట. ఇది అడిగిందట. చెవికి వినపడకపోయినా ఛాతీకి తెలుస్తుందట. యాభై ఏళ్లు ఊదినవాడు ఇది గుర్తుపట్టడని ఎలా అనుకున్నావురా?

ఆపేద్దాం అనుకున్నాడట. అప్పటికే డ్రమ్ము మొదలైంది, అడుగు పడింది. నడుస్తున్న వరసలోంచి ఎవరూ తప్పుకోకూడదు కదా, నడిచాడు. నాలుగడుగులు వేయగానే వేలు జారింది. కళ్లు మూసుకుని నవ్వు కోసం చూశాడట. ఎవరూ నవ్వలేదు. కళ్లు తెరిస్తే పక్కన నీ మొహం కనిపించింది. ప్రపంచాన్ని జేబులో వేసుకున్నవాడిలా వెలిగిపోతున్నావట. వీడికి ఈ సంతోషం ఊరికే ఇవ్వకూడదు అనుకున్నాడట.

ఇవాళ పొద్దున వంటింట్లో ఫోర్కు పట్టుకుని, వీపు తిప్పి, నువ్వు లేని మైనం ఎలా గిల్లావో చేసి చూపించాడు. నుదుటి మీద చెమట తుడుచుకోవడంతో సహా. చేస్తూ చేస్తూ దగ్గు వచ్చి గిన్నెల మధ్య కూలబడ్డాడు. గన్ గారి భార్య ఏమైందని పరుగెత్తుకొచ్చింది. ఆవిడకి మళ్లీ మొదటి నుంచి చేసి చూపించాడు.

నీకు చెప్పవద్దన్నాడు. అందుకే చెబుతున్నాను.

అయితే గండం గడవలేదు. మాన్సన్ మాస్టారికి మాట ఇచ్చాను కదా అంటున్నాడు. ఈస్టర్ కాగానే పెట్టె వెళ్లాల్సిందేనట. ఇచ్చిన మాట తప్పడం వాళ్ల ఇంటావంటా లేదట. పేక ముక్కలు దాచడం ఉందా అని అడగబోయి ఊరుకున్నాను. నేను కోపంతో ఎప్పుడైనా రండి అన్నాను కదా అని మాస్టారు తేదీ కూడా ఖాయం చేసేసుకున్నాడు. అంత చేసింది నా నోరే.

ఇప్పుడు రోజూ సాయంత్రం వాయిస్తున్నాడు, ఇల్లు ఖాళీ చేసేవాడు గోడలు తడుముకున్నట్టు. వినడం కష్టంగా ఉంది. బాగా వాయిస్తున్నందుకే కష్టంగా ఉంది.

అక్కయ్య


కెర్షా,
23 ఫిబ్రవరి

అక్కయ్యకి,

బావకి తెలుసని నాకు ముందే తెలుసు. తెలియనట్టు నటించాను.

నువ్వు నమ్మవు, నేనూ నమ్మలేదు, వదిలెయ్. జున్ను చెక్కుతున్నప్పుడు ఆయన మూతి మూల ఏదో కదిలింది. పంటినొప్పి అనుకున్నాను. గిడియన్‌కి నీ ఉత్తరం చదివి వినిపిస్తే టోపీ తీసి చాలాసేపు గోక్కున్నాడు. ఇన్నాళ్లకి నీకొకడు దొరికాడురా అన్నాడు.

మాస్టారి సంగతి నాకు వదిలెయ్యి. మూడు దారులున్నాయి. ఒకటి, బడి పెద్దల పేరుతో నేనే ఉత్తరం రాస్తాను, బ్యాగ్‌పైపుల వల్ల పిల్లల చెవులు పాడవుతున్నాయని. రెండు, పెట్టెలో ఎండుచేప పెట్టి ఇవ్వు, రెండో రోజు అదే తిరిగొస్తుంది. మూడు, పాదిరిగారి గొంతు నాకింకా వస్తుంది. ఏది కావాలో రాయి.

ఓడినవాడు,
వాటీ


థర్సో,
13 ఏప్రిల్

వాటీ,

మూడింటిలో ఏదీ వద్దని పోస్టుకార్డు రాశాను కదా, దానికి జవాబుగా ఎండుచేప పార్శిలు పంపావు. వండుకున్నాం. ఉప్పు ఎక్కువ.

నిన్న మంగళవారం మాన్సన్ మాస్టారు వచ్చాడు. బావ పొద్దుటి నుంచీ పని మానేసి కూర్చున్నాడు. పెట్టె తుడిచి, తాడు కట్టి, గుమ్మం పక్కన పెట్టాడు. మాస్టారిని కూర్చోబెట్టి టీ పోశాను. ఆయన మర్యాదస్తుడు, వాతావరణం గురించి రెండు మాటలు, ఫెర్రీ గురించి రెండు మాటలు మాట్లాడి, పెట్టె వైపు చూశాడు.

బావ లేచాడు.

“తిత్తి గాలి పడుతోందో లేదో ఒక్కసారి చూసి ఇస్తాను మాస్టారూ. పాడైపోయింది ఇచ్చాడని అనిపించుకోకూడదు కదా” అన్నాడు.

తాడు విప్పాడు. గొట్టాలు బిగించాడు. ఊదాడు. తిత్తి గాలి పట్టింది. పట్టిందని మాస్టారికీ తెలిసింది, నాకూ తెలిసింది. ఆయన ఆపలేదు. ఒక పాట అయింది. అయిందనుకుని మాస్టారు నోరు తెరిచాడు. శ్రుతి గొట్టాలు ఆగకుండానే ఇంకో పాట ఎత్తుకున్నాడు. మాస్టారు నోరు మూసి, తల ఊపుతూ విన్నాడు. అది అయ్యేలోపు మూడోది అందుకున్నాడు. నోట్లో గొట్టం ఉన్న మనిషిని ఏమడిగినా జవాబు ఎలా చెబుతాడు? కళ్లతో మాత్రం చాలా మర్యాదగా చూస్తున్నాడు. మాస్టారి టీ చల్లారింది. ఇంకోటి పోశాను, అదీ చల్లారింది. గన్ గారి భార్య గోడ మీద మోచేతులు ఆనించి నిలబడింది. ఈసారి నవ్వలేదు, వాళ్లాయన్ని కూడా పిలిచింది.

చివరికి మాస్టారు గడియారం చూసుకున్నాడు. ఆయన ఊరికి ఆఖరి బస్సు వెళ్లే వేళయింది. లేచి టోపీ పెట్టుకున్నాడు. బావ వాయిస్తూనే గేటు దాకా వెళ్లి సాగనంపాడు. చెయ్యి ఖాళీ లేదు కాబట్టి కనుబొమలు ఎత్తి వీడ్కోలు చెప్పాడు.

లోపలికి వచ్చాక, మాట తప్పారు కదా అన్నాను.

“తప్పలేదు. ఆయన అడగలేదు, నేను కాదనలేదు” అన్నాడు. పైపులు మంచం కింద పెట్టలేదు, కుర్చీలో పెట్టాడు. ఇప్పుడు నాకు కూర్చోవడానికి కుర్చీ లేదు.

ఇవాళ మాస్టారి దగ్గర నుంచి చీటీ వచ్చింది. పెట్టె కోసం మళ్లీ మంగళవారం వస్తాడట, ఈసారి తొందరగా, మధ్యాహ్నమే వస్తాడట. బావ చదివి, మధ్యాహ్నం నుంచి ఆఖరి బస్సు దాకా వాయించాలంటే తనకి వచ్చిన పాటలు చాలవన్నాడు. నీకు వచ్చినవన్నీ రాసి పంపమంటున్నాడు. పెద్దవి చూసి పంపు.

అక్కయ్య